వీధిలోంచి కనిపించేంత మేర

ఒడెసా టిల్లరీ ఇంటి ముందు కిటికీలు
రెండూ ప్లాస్టిక్‌వి.
పోయిన జనవరిలో పెట్టించుకుంది,
గాలి పడగ్గది దాకా వచ్చి దుప్పటి లాగుతోందని.
రసీదు ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది, అయస్కాంతం కింద:
జత ఆరువందల డాలర్లు, బిగింపు ఉచితం.

బాల్టిమోర్‌లో అది పాత వీధి.
ఎర్ర ఇటుక గోడలు, తెల్ల చలవరాతి మెట్లు.
ప్రతి శనివారం మోకాళ్ల మీద కూర్చుని
ఆ మెట్లను బ్రష్షుతో తోమిన ఆడవాళ్లలో
మిగిలింది ఈవిడే.
ఆ సంగతి ఏ నిబంధనలోనూ లేదు.

నిబంధనల్లో ఉన్నది వేరు.
ఇటుకకి రంగు పూయకూడదు.
ఇటుకల సందుల్లో సున్నం పాలే ఎక్కువుండాలి,
సిమెంట్ మొండిది, ఇటుకనే పగలగొడుతుంది.
కిటికీ కర్రదై ఉండాలి,
పైన ఆరు అద్దాలు, కింద ఆరు.
ఇదంతా
వీధిలోంచి కనిపించేంత మేర.

ఎవరో ఉత్తరం రాశారు.
ఎవరో ఒకరు ఎప్పుడూ రాస్తారు.

విచారణకి నేనూ వెళ్లాను, ఖర్చు లెక్క చెప్పడానికి.
నా పేరు ప్రొకొప్, వడ్రంగిని.
కమిషన్ తరఫు అమ్మాయి వెక్స్‌లర్, మంచి పిల్లే,
తెర మీద రెండు ఫోటోలు పక్కపక్కన వేసింది.
"కర్ర చట్రానికి లోతుంటుంది, నీడ పడుతుంది.
ప్లాస్టిక్ చదును. నీడ నిలవదు."
ఆవిడ కళ్లజోడు సర్దుకుని చూసింది.
"నీడ కోసమా తల్లీ
నా వేళ్లు కొంకర్లు పోవాల్సింది?"
అందరూ నవ్వారు, ఆ పిల్ల కూడా.
తీర్పు నవ్వలేదు. తొంభై రోజులు.

ప్లాస్టిక్ ఊడదీసి పక్క పలక విప్పితే
గోడ లోపల చీకట్లో
ఇనుప గుండ్లు, ఒక్కోటి దోసకాయంత.
ఒకప్పుడు తాళ్లకి వేలాడుతూ
కిటికీని ఎత్తిందెత్తినట్టు నిలబెట్టినవి.
తాళ్లు కోసేశారు, గుండ్లని వదిలేశారు.
పింఛను రాని కూలీల్లా అడుగున పడి ఉన్నాయి.

కొత్త కర్ర పనికిరాదు, అయిదేళ్లకే పుచ్చిపోతుంది.
వలయాలు వెంట్రుకంత దగ్గరగా ఉన్న పాత పైన్ కావాలి.
అది ఇప్పుడు ఏ అడవిలోనూ లేదు,
కూల్చిన ఇళ్ల సామాను అమ్మే షెడ్డులో ఉంది.
దుమ్ము దులిపి ఒక దూలం చూపించాడు సైలస్ మబ్రీ.
చివర సుద్దతో రాసి ఉంది:
గ్లీబ్ వీధి, 1408.

ఆ నంబరు చెప్పగానే
ఆవిడ టీ కప్పు కింద పెట్టేసింది.
"గీతకి అవతల," అంది. "రెండు సందులు."

పటంలో ఆ గీత నడివీధిలో నడుస్తుంది.
ఇవతలిది చరిత్ర.
అవతల ఖాళీ జాగా, గడ్డి, ఒక లారీ టైరు.

"మా అమ్మ ఆ ఇంట్లో పన్నెండు మందికి వండేది.
ఇవే ఇటుకలు. ఇదే బట్టీ.
ఆ మెట్లూ తోమాను నేను."

ఏమనాలో తోచలేదు. రంపం అందుకున్నాను.
చిత్రిక పడుతుంటే గుప్పున గుగ్గిలం వాసన,
నిన్ననే కొట్టిన చెట్టులాగా.
నా చొక్కాని మూడు రోజులు వదల్లేదు.

ఇప్పుడు నీడ పడుతుంది.
అబద్ధమెందుకు, అందంగానే పడుతుంది,
మధ్యాహ్నం మూడింటికి మరీను.
వెక్స్‌లర్ వచ్చి ఫోటో తీసుకుని సంతకం పెట్టి వెళ్లింది.
తీసేసిన ప్లాస్టిక్ కిటికీలు రెండూ
వెనక వంటగదికి బిగించాను, కూలి అడగలేదు.
చట్టానికి వీపు వైపు కళ్లు లేవు.

సాయంత్రమైతే ఆవిడ వంటగదిలోనే, వెచ్చగా ఉంటుందని.
పడుకోబోయే ముందు మాత్రం
ముందు గదిలోకి వచ్చి
కిటికీ ఒకసారి పైకెత్తుతుందట, మంచు కురుస్తున్నా సరే,
గోడలో ఇనుము కిందికి జారే చప్పుడు వినడానికి.
"ఎవరో మెట్లు దిగుతున్నట్టుంటుంది," అంది.

ఎవరని నేను అడగలేదు.
నెలకి నలభై చొప్పున
ఇంకా పదకొండు వాయిదాలున్నాయి.